మూత కింద మనిషి

"మీరంత గలిసి నా పెనిమిటిని మళ్ళ సంపిండ్రు గదయ్యా!"

పద్మారావు నగర్‌లో యుద్ధవాహనాల చిన్న నమూనాల ప్రదర్శన. డెబ్బై ఒకటి యుద్ధం నాటి ట్యాంకు నమూనా ముందు బోయిగూడ నుంచి వచ్చిన ముసలామె, దాన్ని అతికించి రంగులేసినాయన నిలబడి ఉన్నారు.

"నేనేం చేసినమ్మా?"

"గా లడాయిల గిసొంటి ట్యాంకే నడిపిండు మా సదాశివ. అండ్లనే కాలిపోయిండు. పైన నిలబడ్డ మేజర్ సాబును పెట్టినవ్. నడిపినోడేడి?"

"ముక్కలు అమ్మే కిట్టు డబ్బాల సాబు బొమ్మ ఒక్కటే వచ్చిందమ్మా. అందుకే డ్రైవర్ కూసునే కాడి మూత మూసి అతికించిన."

"లోపలున్నడా?"

"లేడు. లోపలంత ఖాళీ."

"అప్పుడు సుత బూడిద డబ్బాకు సీలేసి పంపిండ్రు. తెరవొద్దన్నరు. సూడకుండనే నీళ్లల్ల కలిపిన. అండ్ల ఆయన ఉన్నడో లేడో ఇప్పటికీ ఎరుకలేదు."

"ఇప్పుడు తెరిస్తే రంగు పాడైతదమ్మా. రేపు పోటీ జడ్జీలొస్తరు."

"రానీ! మూత తెరిచి తలకాయ బయటవెట్టి నడుపుతున్న, దుమ్మంత నోట్లెకే పోతున్నదని ఆఖరి జాబుల రాసిండు."

"అమ్మా..."

"ఏడుస్తవేందయ్యా? బ్లేడు తియ్యి. గా మూత గిప్పుడే తెరువు. మనిషిని చేసి కూసోవెట్టు. మొఖానికి దుమ్ము రాసుడు మర్సిపోకు."