ఏడు నిమిషాల జపాను పాట

స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ కమ్యూనిటీ హాలు, శనివారం ఉదయం. తెలుగు సంఘం సాంస్కృతిక కార్యదర్శి లలితకుమారి ముందు ఉగాది కార్యక్రమాల ఫారాలున్నాయి. ఎదురు కుర్చీలో, పాటకి ఫారమిచ్చిన శేషాచలం.

"ఛీ. ఇది మాత్రం కుదరదు అన్నయ్యగారూ."

"మొత్తం చదివావా చెల్లెమ్మా?"

"చదవడమేంటి, మీరు వాట్సాప్‌లో పెట్టిన వీడియో కూడా చూశాను. టిఫిన్ తింటూ. ప్లేటు పక్కన పెట్టేశాను."

"అంత బాలేదా?"

"గరాజ్‌లో, వాషింగ్ మెషీన్ పక్కన, నిక్కర్లేసుకుని, తలకి ఆఫీసు టైలు కట్టుకుని ఐదుగురు మగాళ్ళు. చందు గారి టీషర్టు బొడ్డు పైకి లేచిపోయింది. మా అమ్మాయి లిఖిత ఒక్క సెకను చూసి 'క్రింజ్' అని లేచి పోయింది."

"జపాన్‌లో ఆఫీసు వాళ్ళు అలాగే కడతారమ్మా. తాగినప్పుడు."

"ఓహో! తాగినవాళ్ళ వేషమన్నమాట. ఉగాది స్టేజి మీద. ముందు వరసలో పంచాంగం చదివే శాస్త్రి గారు."

"టైలు తీసేస్తాం. పాట ఉంచు."

"అసలు ఆ పాట అర్థమవుతుందా మీకు?"

"ముక్క ముక్కా తెలుగులో రాసుకున్నాం. ఒకాయన ఆఫీసు నుంచి బయల్దేరతాడు. యాభై రెండేళ్ళు. రైలు తప్పిపోయింది. నడుస్తాడు. దారిలో నూడుల్స్ బండి. ఒక గిన్నె తింటాడు. బండి ఆయన 'ఇవాళ బాగా కష్టపడ్డావు' అంటాడు. ఈయన 'రేపూ వస్తా' అంటాడు."

"తర్వాత?"

"అంతే."

"అంతేనా? దీనికి ఏడు నిమిషాలా?"

"నూడుల్స్ దగ్గర రెండుసార్లు పాడాలి."

"ఛ ఛ. తెలుగులో పాటలు లేవా అన్నయ్యగారూ? దిగులు కూడా జపాన్ నుంచి తెచ్చుకోవాలా?"

"దిగులు కాదమ్మా, ధైర్యం. మా వయసుకి మన భాషలో పాట లేదు. వెతికాం. పాతికేళ్ళవాడికైతే పిల్ల వెంట పడే పాట. డెబ్బై దాటినవాడికి పోయేటప్పుడు ఎవరూ వెంట రారనే పాట. మధ్యలో ఉన్నవాడు పొద్దున్నే లేచి రైలెక్కడానికి ఏది పాట? జపాన్ వాళ్ళకి ప్లేలిస్టే ఉంది. నడివయసు మగవాళ్ళని లేపి నిలబెట్టే పాటలు అని."

"మరి ఆడవాళ్ళని ఎవరు లేపి నిలబెడుతున్నారు? వారమంతా ఏజ్‌డ్ కేర్‌లో ముసలివాళ్ళకి డ్యూటీ చేసి, ఇవాళ ఇక్కడ కూర్చుని నలభై ఫారాలు చూస్తున్నా. నాకెవరు పెట్టారు నూడుల్స్?"

"అదీ నిజమే."

"నిజమే అని తప్పించుకోకండి. రూల్ చెప్తున్నా వినండి. స్టేజి ఎక్కే ప్రతివాళ్ళ పేరూ, మెంబర్‌షిప్ నంబరూ ఫారంలో ఉండాలి. మీరు ఆరుగురు అని రాశారు. పేర్లు ఐదే ఉన్నాయి."

"ఆరోది సోమవారం ఇస్తా."

"ఇవాళే ఆఖరు."

"సోమవారం పొద్దున్నే..."

"ఇవాళే. ఈ ఫిజీ వీరసామి గారెందుకు ఇందులో? ఆయనకి తెలుగే సరిగ్గా రాదు."

"జపానీ మా ఎవరికీ రాదు కదమ్మా. అందులో అందరం సమానం."

"సరే. ఆరో ఆయన ఎవరు?"

"వీడియో తీసినాయన."

"పేరు అడుగుతున్నా."

"చెప్పొద్దన్నాడు. ఇంట్లో తెలిస్తే మానేస్తానన్నాడు."

"ఇంట్లో అంటే?"

"ఇంట్లో అంటే... ఇంట్లోనే."

"ఇంట్లోవాళ్ళకి చెప్పడానికే సిగ్గుపడేవాడు మూడొందల మంది ముందు ఎలా పాడతాడండీ? ఇంట్లోవాళ్ళూ వస్తారు కదా!"

"ఆ సంగతి ఆ రోజు చూసుకుందామన్నాడు. ఇదిగో చూడు చెల్లెమ్మా. మొదటి నాలుగు వారాలూ ఆయన పాడలేదు. వచ్చేవాడు, కుర్చీలు వేసేవాడు, టీ పెట్టేవాడు. ఐదో శనివారం నోరు విప్పాడు. మేమందరం ఆపేశాం. ఆయనొక్కడే చివరిదాకా పాడాడు. ఈ ఏడు నిమిషాలు మా కోసం అడగట్లేదు. నువ్వు కొట్టేస్తే మేం ఐదుగురం నవ్వుకుని ఇంటికి పోతాం. ఆయన మాత్రం మళ్ళీ కుర్చీలో కూర్చుండిపోతాడు."

"కూర్చోనివ్వండి."

"అదేం మాటమ్మా?"

"నచ్చలేదు, కొట్టేస్తున్నా. అయిపోయింది. తర్వాత కోలాటం వాళ్ళని పిలవాలి, మీరు లేవండి."

"ఆగాగు. పెన్ను పక్కన పెట్టు. ఆ మనిషి సంగతి తెలిస్తే నువ్వలా అనవు."

"ఆయన తమ్ముడు పోయాడు. టికెట్ దొరికి ఊరికి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ 'ఊ', 'ఆ', 'చెత్త బిన్ బయట పెట్టాను'. రోజుకి ఆ మూడు మాటలే. ఇదేనా మీరు చెప్పబోయే సంగతి?"

"చెల్లెమ్మా..."

"శనివారం శనివారం హార్డ్‌వేర్ షాపుకని వెళ్తారు. ఎనిమిది శనివారాలు. ఒక్క మేకు తేలేదు."

"నీకెలా తెలిసింది?"

"వీడియో తీసేటప్పుడు ఫోన్ ఎవరు పట్టుకుంటే వాళ్ళ గొంతే పైకి వినిపిస్తుంది కదండీ. నేను పోల్చుకోలేనా?"

"నేను చెప్పానని మాత్రం ఆయనతో అనకు."

"మీరు చెప్పలేదుగా. అదేగా నేననేది. ఎనిమిది వారాలు ఒక్కరూ చెప్పలేదు."

"తప్పే. తప్పేనమ్మా. కానీ కార్తికేయ మళ్ళీ పాడుతున్నాడంటే సంతోషించాలి కదా. ఫారం కొట్టేస్తావేంటి?"

"మా పెళ్ళిచూపులకొచ్చి, నన్ను పాడమనకుండా తనే పాడిన మనిషండీ ఆయన."

"తెలుసు. మాకు చెప్పాడు."

"అదీ మీకే చెప్పారా."

"ఏదో మాటల్లో... పోనీలే. పేరు రాసెయ్యనా? ఇటివ్వు ఫారం."

"ముట్టుకోకండి. ఆ గొంతు ఎప్పుడైనా లేస్తుందేమోనని రెండేళ్ళు టీవీ కూడా పెట్టకుండా పక్క గదిలో కూర్చున్నదాన్ని, ఇప్పుడు మూడొందల మందిలో ఒకదాన్నై వినమంటారా?"