నలభై వేల మంది, రెండు మోకాళ్ళు

స్కూల్లో కరెంటు పని చేసే అతన్ని వీధి వీధంతా వెయ్యి ఓల్టులు అనే పిలుస్తుంది. ఆ పేరు పనితనం చూసి పెట్టింది కాదు, మాట విని పెట్టింది. తరగతి గదిలో బల్బు మార్చి వచ్చినా సరే, ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద కూర్చునేసరికి ఆ బల్బు కాస్తా ట్రాన్స్‌ఫార్మర్ అయిపోతుంది. మనిషి మంచివాడే. ఎవరింట్లో ఫ్యాను ఆగినా చేస్తున్న పని వదిలేసి వస్తాడు. కాకపోతే బాగుచేసిన ఆ ఫ్యాను గురించి ఆ తర్వాత నెల రోజులు వినాలి.

సోమవారం సాయంత్రం స్కూలు వదిలాక అతను కొట్టు దగ్గరికి మామూలు కన్నా మెల్లగా వచ్చాడు. శుక్ర, శని, ఆదివారాలు సెలవు పెట్టి, టైలరుతోనూ వ్యాను డ్రైవరుతోనూ కలిసి క్రైస్తవ మహాసభలకి వెళ్ళొచ్చాడు. ముగ్గురిదీ ఒకే చర్చి, ఒకే ఈడు. ఇల్లూ వాకిలీ పనీ పాటూ వదిలేసి మూడు రోజులు ముగ్గురే తిరగడం పెళ్ళిళ్ళయ్యాక ఇదే మొదటిసారి. అలాంటి ప్రయాణం చేసొచ్చినవాడు రొమ్ము విరుచుకుని రావాలి. రాలేకపోయాడు, ఎందుకంటే చొక్కా జేబులో పిన్ని చీటీ అలాగే ఉంది.

టీ కొట్టు పిన్నిదే. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ పిన్నే. పొద్దున్నుంచీ స్టవ్వు ముందు నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోయాయని రోజుకి పదిసార్లయినా అంటుంది. కొట్టు మూసి రాలేక, ఆ సభల్లో పెట్టే ప్రార్థన పెట్టెలో వేయమని నాలుగు మడతల చీటీ ఇచ్చి పంపింది. మడత మీద జిగురు పెట్టి మరీ అంటించింది. "విప్పకు నాన్నా, నీ చేత్తోనే వెయ్యి" అంది. ఆదివారం పొద్దున ఆ చీటీలన్నీ వేదిక మీదికి తీసుకెళ్ళి ప్రార్థన చేస్తారు. శుక్రవారం పెట్టె దగ్గర వరస చాంతాడంత ఉంది, రేపు వేద్దామనుకున్నాడు. శనివారం మధ్యాహ్నం ముగ్గురూ ప్రార్థన కూటం ఎగ్గొట్టి చెరువులో తొక్కుడు పడవెక్కారు. ఆదివారం చూస్తే పెట్టె లేదు. తిరుగు ప్రయాణంలో రుమాలు కోసం జేబులో చెయ్యి పెడితే చీటీ తగిలింది. "ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్, నాలుగు తిడుతుంది, అంతేగా" అన్నాడు టైలరు. అలాగే అని బుర్ర ఊపాడు కూడా.

ఇప్పుడు టైలరు బెంచీ చివర కూర్చుని బిస్కెట్టు తింటున్నాడు. పక్కన సైకిలు షాపు పెద్దాయన. పిన్ని గ్లాసులు కడుగుతూ తలెత్తింది.

"వచ్చావా! నా చీటీ వేశావా?"

వెయ్యి ఓల్టులు నోరు తెరిచాడు. నిజం చెబుదామనే తెరిచాడు.

"చీటీ సంగతి తర్వాత పిన్నీ, ముందు అక్కడ ఏం జరిగిందో విను. శుక్రవారం పొద్దున మేం వెళ్ళి కూర్చున్నామా, వేదిక మీద ట్యూబులైటు టపటపా కొట్టుకుంటోంది, ప్రసంగం చెప్పే ఆయన కళ్ళు నలుపుకుంటున్నాడు. నాకు ఆగుతుందా? లేచి వెళ్ళి స్టూలెక్కి స్టార్టర్ ఇలా తిప్పాను, అంతే."

"అది చేసుంటావులే," అన్నాడు పెద్దాయన. అది నిజమే మరి. అక్కడితో ఆగి ఉంటే గొడవే లేదు.

"మరి చీటీ?" అంది పిన్ని.

"అక్కడికే వస్తున్నా. ఆ లైటు వెలిగిందో లేదో, ఆవరణ మొత్తం కరెంటు పోయింది! ఫ్యాన్లు ఆగిపోయాయి, మైకు మూగబోయింది, నాలుగు వేల మంది ఒక్కసారి 'అయ్యో' అన్నారు. జనరేటర్ చూసేవాడు తాళంచెవి జేబులో పెట్టుకుని ఎటో పోయాడు. అందరూ నా వంకే చూస్తున్నారు. ఎందుకు చూడరు, స్టార్టర్ తిప్పినవాణ్ణి నేనేగా! సరే అని బోర్డు విప్పితే మెయిన్ వైరు మధ్యలో జానెడు కాలిపోయి ఉంది. జానెడు ముక్క ఎక్కడినుంచి తేను? ఏం చేశానో తెలుసా? ఆ కొస ఈ చేత్తో, ఈ కొస ఆ చేత్తో పట్టుకున్నా. కరెంటు నాలోంచి వెళ్ళింది."

"నీలోంచా?" పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు.

"నాలోంచే. మూడు గంటల ప్రసంగం. మూడు గంటలూ కదల్లేదు. ఎడమ చేతిలోంచి వచ్చి గుండె మీదుగా కుడి చేతిలోకి పోతుంటే జిలజిల్లాడుతోంది గానీ, సేవ కదా అని ఓర్చుకున్నా. నేను ఊపిరి పీల్చినప్పుడల్లా లైట్లు కాస్త డల్ అయ్యేవి. ఒకసారి తుమ్మొచ్చింది, ఆపుకున్నా. తుమ్మితే నలభై వేల మంది చీకట్లో పడతారు."

"ఇందాక నాలుగు వేలన్నావు."

"అది పొద్దున బాబాయ్! భోజనాల వేళకి నలభై వేలయ్యారు. అవునా టైలరూ?"

టైలరుకి అబద్ధం చెప్పడం రాదు, పైగా మహాసభల నుంచి వచ్చి ఒక్కరోజు కూడా కాలేదు. "భోజనాల దగ్గర వరస పెద్దదే," అని ఇంకో బిస్కెట్టు తీసుకున్నాడు.

పిన్ని చేతులు తుడుచుకుని, మోకాలు పట్టుకుంటూ స్టూలు మీద కూర్చుంది. "మూడు గంటలు నీ ఒంట్లో కరెంటు పోయింది. బాగుంది. బుధవారం కమిటీ వాళ్ళకి కూడా చెప్పు ఇది."

ఆ మాటకి వెయ్యి ఓల్టులు ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. ఆరేళ్ళుగా అతను స్కూల్లో టెంపరరీ. బుధవారం కమిటీ కూర్చుని అతన్ని పర్మినెంట్ చేయాలా, బయటి కంపెనీ మనిషిని పెట్టుకోవాలా అన్నది తేలుస్తుంది. ఆ ఊసు ఎవరెత్తినా అతనికి లోపల బెదురే. పైకి మాత్రం, "నాకేంటి పిన్నీ, నేను లేకపోతే వాళ్ళకి బెల్లు కూడా మోగదు," అంటాడు. ఇప్పుడూ అదే అన్నాడు.

"సరేలే. నా చీటీ?"

మూడోసారి. ఇక తప్పించుకోవడానికి దారి లేదు, ముందుకే పోవాలి. అతను బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు.

"పిన్నీ, నీ చీటీ మామూలు చీటీ కాదు. విను. ఆ ప్రార్థన పెట్టె ఉంది చూశావూ, పేరుకే పెట్టె, మన స్కూలు బిల్డింగంత ఉంటుంది. నిచ్చెనేసుకుని ఎక్కి వెయ్యాలి. శనివారం మధ్యాహ్నం..."

"శనివారమా? ఆదివారం కదా తీసేది?"

"ఈసారి శనివారం తీశారు, ఎండ ఎక్కువగా ఉందని. పెద్ద ప్రసంగీకుడు పెట్టె ముందు నిలబడి, ఇన్ని లక్షల చీటీల్లో ఏది ముందు చదవాలి అని దిగులుపడుతున్నాడు. నేను అటుగా వెళ్ళా, ఊరికే మంచినీళ్ళ కోసం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా ఒంట్లో ఇంకా ముందురోజు కరెంటు మిగిలుంది! దువ్వెన తలకి రుద్ది కాగితం ముక్కల దగ్గర పెడితే ఏమవుతుంది? అదే అయింది. చీటీలన్నీ బుర్రుమని లేచొచ్చి నన్ను అంటుకున్నాయి. తల నుంచి కాలిదాకా చీటీలే, ముక్కు కూడా కనపడ్డం లేదు. వాలంటీర్లు పారలతో గీకితే గానీ నేను బయటపడలేదు. అన్నీ రాలిపోయాయి, ఒక్కటి మాత్రం గుండె మీద అలాగే ఉండిపోయింది. ఎవరిది?"

"నాదా?" అంది పిన్ని.

"నీదే! ఆయన విప్పాడు, చదివాడు, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. 'సహోదరులారా, ఎక్కడో ఒక అమ్మ పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నిలబడి అందరికీ టీ కాస్తోంది, ఆవిడ మోకాళ్ళు నొప్పి' అన్నాడు. అనగానే నలభై వేల మంది, పిన్నీ, ఒకేసారి ఎనభై వేల మోకాళ్ళు నేలకి ఆనించారు. నేల అదిరింది. గోడ గడియారం పది నిమిషాలు వెనక్కి పోయింది. నీ మోకాళ్ళ కోసం గంటసేపు ఒకటే ప్రార్థన. కొందరైతే తమ మోకాళ్ళు నీకిచ్చెయ్యమని కూడా అడిగారు. నిజం చెప్పు, శనివారం మధ్యాహ్నం మూడింటికి నీకు కాళ్ళల్లో ఏదో తేలిగ్గా అనిపించలేదూ?"

"శనివారం మూడింటికి పాలు విరిగాయని పాలతన్తో గొడవ పడుతున్నా," అంది పిన్ని. "నిలబడే పడ్డాను."

"చూశావా! నిలబడే!"

పెద్దాయన పగలబడి నవ్వాడు. టైలరు నవ్వలేదు, తల వంచుకుని కూర్చున్నాడు. శనివారం మూడింటికి వాళ్ళు ముగ్గురూ చెరువు మధ్యలో ఉన్నారు. పడవ తొక్కి తొక్కి అలిసిపోయి, చెప్పులు విప్పి నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని, చిన్నప్పటి మాస్టర్లని తలుచుకుని కడుపుబ్బ నవ్వుకున్నారు. ఎన్నో ఏళ్ళుగా అంత హాయిగా గడిచిన మధ్యాహ్నం లేదు. వెయ్యి ఓల్టులు ఎప్పటికీ చెప్పుకోని సంగతులు అలాంటివే.

పిన్ని మాత్రం నవ్వకుండా అతని ముఖంలోకే చూస్తోంది.

"ఆయన చదివాడా? విప్పి, పైకి చదివాడా?"

"అక్షరం అక్షరం."

"మోకాళ్ళని చదివాడా?"

"రెండు మోకాళ్ళూ. కుడిది ఎక్కువ నొప్పని కూడా."

"నేను అందులో మోకాళ్ళ గురించి రాయలేదురా," అంది పిన్ని.

స్టవ్వు మీద నీళ్ళు మరుగుతున్నాయి.

"మోకాళ్ళకి మందు రాసుకుంటున్నాను, అవి ఎలాగోలా ఏడుస్తాయి. దానికి అంత దూరం చీటీ పంపిస్తానా? తియ్యి. ఆ జేబులోనే ఉంది, కాగితం పైకి కనపడుతోంది. నువ్వొచ్చి కూర్చున్నప్పుడే చూశాను."

అతను జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. తర్వాత చీటీ తీశాడు. మూడు గంటలు కరెంటు పట్టుకున్న చేతులతో జిగురు ఊడదీశాడు.

"పైకే చదువు," అంది పిన్ని.

అందులో నాలుగు ముక్కలే ఉన్నాయి. 'స్కూల్లో కరెంటు పని చేసే మా అబ్బాయికి ఈ బుధవారం పని ఖాయం కావాలి. పైకి ఎన్ని కబుర్లు చెప్పినా లోపల హడలిపోతున్నాడు. వారం నుంచి సరిగ్గా తినట్లేదని వాళ్ళావిడ చెప్పి ఏడ్చింది. వాడికి ధైర్యం ఇవ్వండి.'

మూడో ముక్క దాకానే పైకి చదివాడు. నాలుగోది లోపలే చదువుకున్నాడు. ఎవరెవరి కోసమో అడగడానికి వేలమంది వెళ్ళిన చోటికి, తన కోసం రాసిన చీటీని తనే మూడు రోజులు జేబులో పెట్టుకుని తిప్పి, పడవ మీద కూడా తిప్పి, తిరిగి తెచ్చాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"వెయ్యలేదు పిన్నీ," అన్నాడు చివరికి. "శుక్రవారం వరస పెద్దగా ఉందని వదిలేశాను. శనివారం షికారుకి పోయాం. మర్చిపోయాను. పెట్టె నడుం ఎత్తు కూడా ఉండదు, అట్టపెట్టె."

"తెలుసులే." పిన్ని స్టవ్వు కట్టేసింది. ఆ కొట్టులో సాయంత్రం పూట స్టవ్వు ఆగడం ఎవరూ చూడలేదు. "దానికేం, ఇక్కడ చేస్తే వినపడదా? నలుగురం ఉన్నాం. చెయ్యి."

"నేనా?"

"నువ్వే. ఏదీ కలపకుండా చెయ్యి."

టైలరు బిస్కెట్టు పక్కన పెట్టి తల వంచాడు. "నాకివన్నీ తెలియవు, కళ్ళు మాత్రం మూసుకుంటా," అని సైకిలు షాపు పెద్దాయన గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

వెయ్యి ఓల్టులు చీటీ రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభువా, ఈ పని నాకు కావాలి. నాకు భయంగా ఉంది. పిన్ని మోకాళ్ళు కూడా చూడు. ఆమెన్."

"ఆమెన్," అంది పిన్ని. "ఆమెన్," అన్నాడు టైలరు. పిన్ని లేచి స్టవ్వు వెలిగించింది, నాలుగు గ్లాసులు వరసగా పెట్టింది, టీ పోసింది. పెద్దాయన మాత్రం ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు, చెప్పేది వెయ్యి ఓల్టులు కాబట్టి ఇంకా చాలా ఉండి ఉంటుందని.