ఎర్రని బుడిపెలు

బద్వేలు పక్క పల్లెలో వాన వెలిసిన పొద్దున, కొత్త కోడలు బెరుకుబెరుగ్గా అత్త వెంట బీడులోకి దిగింది. పాత గడ్డి మధ్యనే కోడలు మేతకని అలసంద విత్తి నెలన్నర అయింది. అత్త ఒక మొక్కను వేర్లతో సహా పీకింది.

"ఆపొద్దు యూరియా చల్లుతానంటే నా చెయ్యి పట్టుకుంటివి. ఇప్పుడు సూడు, వేర్లకు బుడిపెలు లేసినాయి. తెగులే గదా?"

"తెగులు గాదత్తా. ఒకటి గోరుతో చిదిమి సూడు."

"అమ్మో, లోపల ఎర్రగుండాదే!"

"ఎర్రగుంటే పని చేస్తాండాదని. గాలిలో ఉండే నత్రజనిని పట్టి మొక్కకు పెడతాది. ఆపొద్దే యూరియా వేసింటే గడ్డి ఎగబడి అలసందను మింగేసేది."

"అంటే ఎరువు ఈడనే పుడతాండాదా?"

"పుడతాండాదత్తా."

అత్త బీడంతా ఒకసారి కలయజూసింది.

"మేత లేదని పాలిచ్చే ఎనుమును సంతకు తోలమని మీ మామకు చెప్పినా."

"తెలుసత్తా."

"ఇంక తోలేది లేదు. కొడవలి ఇట్లీ, తొలి మోపు నేనే కోస్తా."

"నడుం నొప్పి గదత్తా?"

"ఉండనీలే! మోపు నా నెత్తికెత్తు. ఊరి నడిమధ్యలో పోతా. ఈ మేత యాడిదని అందరూ అడగాల, మా కోడలు పండించిందని నేను చెప్పాల!"