మోకాలి మీది సున్నం

గా బ్యానర్ మీద ఏమని రాయించిండ్రో ఇంకోపారి సదువు బిడ్డా నిఖితా, నాకు కండ్లద్దాలు లెవ్వు. 'మన బొగ్గుబాయిల దిక్కు మొట్టమొదటి అథ్లెటిక్ ట్రైనర్.' మంచిగున్నది. మొట్టమొదటి అట. నువ్వు నా మనుమరాలివి, నాలుగేండ్లు సదివినవు, ఆటల బడిల నౌకరి కొట్టినవు, నాకు సంబురం లేదా? ఉన్నది. కని అబద్ధం అబద్ధమే గద. మీరు పుట్టకముందు గీడ ఎవ్వలు ఆడలేదా, కాళ్లు మెలివడలేదా, కట్టు కట్టినోడు లేడా? ఉండె. రాయమల్లు. ఎవలంటవా? గట్లనే అంటవు, అందరు గట్లనే అంటరు, గందుకే నాకు మండుతది.

మా బాయిల కప్పు కూలకుండ గుంజలు నిలవెట్టే పని ఆయనది. నాకంటె పదేండ్లు పెద్ద. లోపటికి వోంగనే కప్పును రాడుతోని తట్టి చెవి వెట్టి ఇంటుండె. గట్టి సప్పుడు వస్తె పోండ్రి అంటుండె. బోలు సప్పుడు వచ్చిందనుకో, రెండు కట్టెలు ఇంటు మార్కు లెక్క అడ్డం గట్టెటోడు. గా కట్టెలు దాటి ఎంత పెద్ద సాబు గూడ పోడు, పోతె పానం పోతది. గదే పద్ధతి మా కబడ్డీ టీముకు వట్టుకొచ్చిండు. ఆటకు ముందు వరుసగ కూసుంటుంటిమి. మోకాలు, మడిమె, బుజం, ఒక్కొక్కటి వేళ్లతోని ఒత్తి చూస్తుండె. మా మొకం దిక్కు చూడకుంట యాడనో చూస్తుండె, లోపట కప్పు సప్పుడు ఇన్నట్టు. పాత చీరెలు పట్టీలు పట్టీలు చింపి మడిమెలకు కడుతుండె. ఆయన పెండ్లాం సారక్క మొత్తుకునేది, 'నా చీరెలన్ని మీ కాళ్లకే సుట్టవెట్టె, నేనేం కట్టుకోవాలె' అని. మంచి మనిషి సారక్క, చేపల పులుసు వండితే వాడంత వాసన. ఆఁ, ఏడున్న? ఎవడన్న ఆడొద్దనుకో, తంబాకు డబ్బిలకెల్లి సున్నం తీసి వాని మోకాలి మీద ఇంటు మార్కు గీసెటోడు. గంతే. సున్నం వడ్డోడు కోర్టుల అడుగు వెట్టడు. బాయిల కట్టెలు దాటుతమా? గట్లనే.

మరి గింత చేసినోన్ని కాయిదం మీద ఏమని రాసిండ్రో ఎరుకేనా? 'నీళ్లు మోసెటోడు.' ఏడేండ్లు గదే పేరు. టీము ఫోటో దిగంగ మా టీమును నడిపే బాయి మేనేజర్ సాబు ఏమన్నడు, 'నువ్వు జర పక్కకు జరుగవోయ్, నీ బకీటు ఫోటోల వడుతుంది' అన్నడు. మనిషి కనవడలే వానికి, బకీటు కనవడ్డది. నువ్వే చెప్తివి గద మొన్న, మీ పనిని గూడ డాక్టర్లు శానేండ్లు పనే కాదన్నరని, నీళ్లిచ్చెటోళ్లని నవ్విండ్రని. గా నవ్వుడు మేము కండ్లార చూసినం బిడ్డా. సచ్చినోని కండ్లు చారెడని చెప్తలేను, ఉన్నదే చెప్తున్న.

ఇగ ఎనభై నాలుగుల ఫైనల్ వచ్చింది. ముందటి రోజే నా ఎడమ మోకాలు మెలివడ్డది. ఆట రోజు పొద్దుగాల రాయమల్లు ఒత్తి చూసిండు, శాన సేపు చూసిండు. సున్నం గీసిండు. 'సదానందం, లోపట బోలుగున్నది, నెల దినాలు కూసో' అన్నడు. సాబు ఊకుంటడా? నన్ను పక్కకు పిలిచి, 'గెలిస్తె నీకు బాయిల దిగుడు తప్పిస్త, పైన ఆఫీసుల ఏయిస్త. నీళ్లు మోసెటోని మాట ఇంటవా, నా మాట ఇంటవా' అన్నడు. ఎంత మాటనో చూడు. రెండో కూతకే మోకాలు వోయింది. గిదే, గీ కుంటుడు అప్పటిదే. తెల్లారి ఎంక్వైరీ వెట్టిండ్రు. సాబు ఏం సిగ్గు లేకుండ, 'సదువు లేనోడు కట్టు కట్టి ఆడవంపిండు, పోరని కాలు బర్బాద్ చేసిండు' అన్నడు. ఇగ ఎవ్వల కాలు ముట్టద్దని రాయమల్లును టీముల నుంచి తీసేసిండ్రు. పోరగాండ్లు చాటుంగ వోయి బతిలాడితె గూడ చేతులు వెనుకకు వెట్టుకునెటోడట. ఇంకో పన్నెండేండ్లు బతికిండు, ఒక్క కాలు ముట్టలే. సారక్క మా గడప కాడికొచ్చి, 'సున్నం గీసిండా లేదా, గదొక్కటి చెప్పు సదానందం, నాకింకేం వద్దు' అన్నది. అందరు గలిసి గొంతు గోసిండ్రు ఆయనది. అందరు.

ఏంది? సున్నం ఉండంగ నేనెట్ల దిగిన్నంటవా.

సాబు తుడవలేదు బిడ్డా. సాబు నా మోకాలు ముట్టనే ముట్టలే. రాయమల్లు మాకు నీళ్లు తెద్దామని బకీటు వట్టుకొని నల్ల కాడికి వోయిండు. గప్పుడు నా తువ్వాలతోని నేనే తుడుసుకున్న. ఆయన తిరిగొచ్చెవరకు కోర్టుల ఉన్న. ఎంక్వైరీల అడిగిండ్రు, సున్నం గీసిండా అని. గీయలే అన్న. ఆయన గక్కడ్నే నిలవడి ఉండె. గా ఒక్క మాటకు సాబు నన్ను ఆఫీసుల ఏయించిండు, ముప్పై ఆరేండ్లు చేసిన. గా నౌకరి మీదనే మీ బాపును సదివిచ్చిన, నువ్వు సదివినవు.

గా బ్యానర్ మడిచి లోపట వెట్టు. స్టవ్ మీద పాలు వెట్టిండ్రు, పొంగుతయి, చూసిరాపో.