రెండో ట్యాంకు

ఊరి శివారులో, బీరు అక్కడికక్కడే తయారుచేసి భోజనంతో పాటు వడ్డించే చోటు. గురువారం మధ్యాహ్నం మూడు గంటలు. అద్దం గోడకు అవతల స్టీలు ట్యాంకులు; ఇవతల మూల బల్ల దగ్గర ఆ బీరు తయారుచేసే ఆయన, ఆయన భార్య, ఇద్దరి మధ్యా మూడు చిన్న గ్లాసులు.

"అలా మింగెయ్యకు. కాసేపు నోట్లో ఉంచు."

"ఉంచానండీ."

"ఎక్కడ ఉంచావు, గుటుక్కుమనిపిస్తేనూ! ముందు వాసన చూడమన్నానా?"

"చూశాను. బాగుంది."

"బాగుందంటే?"

"బాగుందంటే బాగుందనే. దానికి మళ్ళీ తాత్పర్యం చెప్పాలా?"

"ఇది మొదటి ట్యాంకుది. పోయిన గురువారం ఇదే తాగి, తడి గడ్డిలా ఉందన్నావు."

"ఈ వారంలో ఆరిపోయి ఉంటుంది."

"ఏంటి ఆరిపోయేది?"

"గడ్డి."

"హాస్యాలాడే రోజు కాదిది. కాసేపట్లో ఓనరమ్మ వస్తుంది. శనివారం ఎనభై మందికి పార్టీ. ఏ ట్యాంకు తెరవమంటారని అడుగుతుంది."

"అడిగితే చెప్పండి."

"ఏమని చెప్పను?"

"నేను చెప్పింది చెప్పండి. ఎనిమిది నెలలుగా చేస్తున్నదదేగా."

"పోయిన నెల కూడా నువ్వు చెప్పిందే చెప్పాను. బాగుందన్నావు, బాగుందన్నాను. ఐదు బల్లల వాళ్ళు గ్లాసులు వెనక్కి పంపారు. నానిన అట్టపెట్టె వాసనొస్తోందని ఒకాయన వంటింటి దాకా వచ్చి మరీ అరిచాడు."

"వాడికి వేరే పని లేదు."

"ట్యాంకు ట్యాంకంతా తూములో పోయించాను, నా చేత్తో."

"అంటే నాదే తప్పంటారు."

"అనలేదు."

"అనకపోయినా వినిపిస్తోంది. మీరు నిచ్చెన మీంచి జారిపడ్డారు. తల వెనక ఆరు కుట్లు. కుట్లు మానాయి, వాసన తెలియడం మాత్రం పోయింది. ఎవరికీ చెప్పొద్దన్నారు. బీరు మాస్టరుకి ముక్కు పనిచేయట్లేదంటే గుడ్డివాడికి బస్సు ఇచ్చినట్టేనని మీరే అన్నారు. నువ్వు వచ్చి నా ఎదురుగా కూర్చో, మొగుడూ పెళ్ళాం భోజనానికి వచ్చారనుకుంటారు, నువ్వు రుచి చూసి నా చెవిలో చెప్పు, అన్నారు. అన్నారా లేదా?"

"మెల్లగా."

"మెల్లగానే అంటున్నా. జన్మలో చుక్క ముట్టనిదాన్ని. మొదటిరోజు ముక్కు మూసుకుని తాగాను."

"ముక్కు మూసుకుంటే ఇంక నువ్వెందుకని నవ్వాను."

"నవ్వారు. అప్పట్లో నవ్వేవాళ్ళు."

"అప్పట్లో నువ్వు బాగా చెప్పేదానివి."

"ఇప్పుడేమైందట?"

"ఉడికిన మొక్కజొన్న వాసనన్నావోసారి. మరగపెట్టడం తక్కువైందని ఇట్టే తెలిసిపోయింది నాకు. ఇంకోసారి, పచ్చి ఆపిల్ కొరికినట్టుందన్నావు. ఇంకో వారం ఆగాం, దెబ్బకి సర్దుకుంది. ముప్పై ఏళ్ళు ఈ పని చేసినవాళ్ళు కూడా అంత కచ్చితంగా చెప్పలేరు."

"మీ అమ్మగారు ఊరికే అనేవారా? మా కోడలి ముక్కు ముందు పిల్లి దిగదుడుపు, పాలు విరగబోతున్నాయని పాలకంటే ముందే దానికి తెలుస్తుంది, అని."

"అనేది. వచ్చినవాళ్ళందరికీ చెప్పేది."

"నా గురించి ఆవిడ చెప్పిన మంచి మాట అదొక్కటే."

"అందుకే అడుగుతున్నా. ఆ ముక్కేమైంది?"

"ఎక్కడికీ పోలేదు. మొహం మీదే ఉంది."

"అమ్మగారూ, చిప్స్ వేడిగా తెచ్చానండి. కోడి ముక్కలు ఇంకో పది నిమిషాలు."

"అక్కడ పెట్టు మీసాలూ."

"మంగళవారం తీసుకెళ్ళిన పెద్ద సీసాలు రెండూ తెచ్చారామ్మా? ఇచ్చేస్తే కడిగించి పెడతాను."

"ఏ సీసాలు?"

"అదేనండి మాస్టారూ, అమ్మగారు ఇంటికి నింపించుకెళ్ళినవి. అంతకుముందువి మాత్రం వచ్చేశాయి."

"పక్కింటావిడ కోసమండీ. వాళ్ళింటికి చుట్టాలొచ్చారట, మీ వాళ్ళ దగ్గర బాగుంటుందటగా అని ఒకటే గొడవ. కాదనలేకపోయాను. తెస్తాలే మీసాలూ, నువ్వెళ్ళు, అవతల బల్లవాళ్ళు పిలుస్తున్నారు."

"ఎవరూ పిలవట్లేదమ్మా."

"పిలుస్తారు. వెళ్ళు."

"అలాగేనమ్మా."

"ఏంటండీ, అలా చూస్తారు?"

"ఏం లేదు. చిప్స్ తిను."

"మీరు తినండి. మీకెలాగూ అట్టముక్కేననుకోండి, కనీసం వేడిగానైనా ఉంటాయి."

"నూనె మార్చినట్టు లేరు."

"మీకెలా తెలుసు?"

"రంగు చూస్తే తెలియట్లా?"

"ఓ. సరే."

"రెండో గ్లాసు తీసుకో. ఇదే ముఖ్యం. శనివారానికి ఆవిడ అడగబోయేది ఈ ట్యాంకే."

"ఊఁ."

"ముందు వాసన."

"ఊఁ."

"ఏమనిపిస్తోంది?"

"ఏమీ అనిపించట్లేదు."

"నేను రుచి గురించి అడుగుతున్నా."

"నేనూ దాని గురించే చెప్తున్నా."

"ఏమీ లేకుండా ఎలా ఉంటుంది? చేదో, తీపో, ఏదో ఒకటి ఉంటుందిగా. వంటింట్లో దేని పక్కన పెట్టొచ్చో అది చెప్పు, చాలు."

"బాగుందండీ. చల్లగా ఉంది. గొంతులోకి జారిపోతోంది. ఇంకేం చెప్పను? పరీక్ష పెట్టినట్టు పెడతారేం?"

"మూడోది పట్టుకున్నావేంటి? దాని గురించి నేనింకా అడగలేదు."

"అడిగితే చెప్దామని."

"ఖాళీ అయిపోయింది."

"గ్లాసు చిన్నది. గుక్కెడు కూడా పట్టదు."

"పోనీ రెండోది ఇంకోటి తెప్పించనా? తాపీగా చూస్తావు."

"తెప్పించండి."

"పెద్ద గ్లాసా?"

"మీ ఇష్టం. పెద్దదైతే రుచి బాగా తెలుస్తుందేమో."

"మీసాలూ! రెండో ట్యాంకుది ఒక పెద్ద గ్లాసు."

"మీకేమైనా తెప్పించుకోండి. ఊరికే కూర్చుంటే ఎవరైనా ఏమనుకుంటారు?"

"నాకొద్దు."

"సూపైనా తాగండి. పొద్దున కూడా సరిగ్గా తినలేదు."

"నువ్వు తిన్నావా?"

"తిన్నాను."

"ఏం తిన్నావు?"

"ఏదో తిన్నానండీ. ఇవాళ మీకు ప్రశ్నల పిచ్చి పట్టినట్టుంది."

"ఇంట్లో ఏం చేస్తుంటావు రోజంతా?"

"ఇరవై రెండేళ్ళ తర్వాత అడుగుతున్నారా?"

"ఇప్పటికైనా అడిగానుగా."

"ఎనిమిదికి మీరు వెళ్తారు. గిన్నెలు కడుగుతాను. పక్కలు దులుపుతాను. అమ్మాయి గదిలో ఎవరూ లేకపోయినా ఊడుస్తాను. హాస్టల్‌ నుంచి అది ఆదివారం ఫోన్ చేసి, ఏం కూరమ్మా, అంటుంది. చెప్తాను. సరేనమ్మా, అంటుంది. పెట్టేస్తుంది. అన్నీ అయ్యేసరికి తొమ్మిదిన్నర అవుతుంది."

"తర్వాత?"

"తర్వాత ఏముంటుంది? తొమ్మిదిన్నర తర్వాత పది. గురువారమైతే నయం. మంచి బట్టలు కట్టుకుంటాను. రెండు బస్సులు మారతాను. ఎదురుగా ఆ పరుపుల కొట్టు ఉందా, ఎన్నిసార్లు చూశానో, ఒక్కరు లోపలికి వెళ్ళగా చూడలేదు. ఆయన మాత్రం పరుపుల మీద దుమ్ము దులుపుతూనే ఉంటాడు. ఆయన్ని చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది."

"ధైర్యమెందుకు?"

"నాకంటే ఖాళీగా ఒకరున్నారని."

"అమ్మగారూ, ఇదిగో, పెద్ద గ్లాసు."

"థ్యాంక్స్ మీసాలూ."

"నెమ్మదిగా."

"నెమ్మదిగానే తాగుతున్నా."

"ఎలా ఉంది?"

"బాగుంది."

"ఒక్కసారి కళ్ళు మూసుకుని చూడు. తొందరేం లేదు. నీకు తెలియకపోతే తెలియట్లేదని చెప్పు. నేనేమీ అనను."

"ఎందుకు తెలియదు? బాగుందంటున్నాగా! లోపల కాస్త నెమ్మదించినట్టుగా ఉంది. అంతకంటే ఏం కావాలి ఎవరికైనా?"

"నేను బీరు గురించి అడిగాను."

"నేనూ దాని గురించే చెప్పాను. అదిగో, మీ ఓనరమ్మ."

"మాస్టారూ! అక్కయ్యా, బాగున్నారా? లేవకండి, లేవకండి. మిమ్మల్ని చూస్తే నాకు కుళ్ళండీ. మా ఆయన్ని నెలకోసారి బయటికి తీసుకెళ్ళమంటే, కారు సర్వీసింగులో ఉందంటాడు. ఏడాదంతా సర్వీసింగే! మీకేమో ప్రతి గురువారం కొత్త పెళ్ళికూతురి మర్యాదలు."

"ఏదోనమ్మా, ఆయన దయ."

"దయంటే దయే. సరే మాస్టారూ, అసలు సంగతి. శనివారం. రెండో ట్యాంకు తెరిపించనా? ముందే చెప్తున్నాను, ఏమీ అనుకోకండి. పోయిన నెలలాంటిది మళ్ళీ అయితే నేను తట్టుకోలేను. మీరు పెద్దవారు, ఈ చోటుకి పేరు తెచ్చింది మీ చెయ్యి. అయినా ఇంకోసారి పారబోయాల్సి వస్తే వేరే మనిషిని చూసుకోక తప్పదు. మొహం మీద చెప్పడం నయమని చెప్తున్నా."

"మొహం మీద చెప్పడమే నయమండీ."

"ఆయన్ని అడగక్కర్లేదు, తెరవచ్చమ్మా. బాగుంది."

"అక్కయ్యా, మీరు రుచి చూశారా?"

"ఊరికే, ఆయనతో పాటు ఒక గుక్క. ఆయన కూడా బ్రహ్మాండంగా ఉందన్నారు. అన్నారు కదండీ?"

"మాస్టారూ?"

"వద్దండీ."

"ఏంటి వద్దు?"

"రెండోది వద్దు. సోమవారం దాకా దాన్ని కదిలించకండి. శనివారానికి మొదటిది పెట్టండి. అది నిక్షేపంలా ఉంది, ఎనభై మందికీ సరిపోతుంది."

"అయ్యో, దాన్ని చల్లబరచమని చెబుదామనుకున్నాను."

"చల్లబరచొద్దు. ఇంకో నాలుగు రోజులు వెచ్చగా ఉంటేనే సర్దుకుంటుంది. లోపలివాళ్ళకి పొద్దునే చెప్పేశాను."

"ఖాయమేనా?"

"ఖాయం. రాసిమ్మంటే రాసిస్తాను."

"ఎందుకులెండి. ఈ మధ్య మిమ్మల్ని ఏదడిగినా, చూద్దాం, చూద్దాం అనేవారు. ఇంత గట్టిగా చెప్పి ఎన్నాళ్ళయిందో. నాకిప్పుడు ప్రాణం లేచొచ్చింది. కూర్చోండి, ఆ కోడి ముక్కల సంగతేంటో నేను చూస్తాను. అక్కయ్యా, వస్తా."

"ఊఁ… మంచిదమ్మా."

"వెళ్ళిందావిడ."

"నా మాట తీసేశారేం ఆవిడ ముందు?"

"తియ్యక తప్పలేదు."

"బాగుందని నేనంటుంటే, కాదని మీరెలా అంటారు? దేన్ని చూసి అన్నారు? ఊరికే భయపడి అన్నారు."

"వెన్న కాగిన వాసన వస్తోంది దాంట్లో."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు."

"మీసాలన్నాడా? వాడికేం తెలుసు, గ్లాసులు మోసేవాడికి?"

"ఎవరూ అనలేదంటున్నా. నువ్వు గ్లాసు ఎత్తుతుంటే ఇక్కడి దాకా కొడుతోంది. పసిపిల్లకి కూడా తెలుస్తుంది. నీకు తెలియలేదు."

"ఇక్కడి దాకా… ఎవరికి?"

"నాకు."

"మీకా?"

"మూడు వారాలైంది."

"మూడు వారాల్నుంచీ… మీకు వాసనలు తెలుస్తున్నాయా?"

"అన్నీ."

"అయ్యో, అయ్యో, ఎంత చల్లని కబురండీ! రాదేమో అన్నాడుగా ఆ డాక్టరు! నాకు చెప్పరేం? అమ్మాయికి చెప్పారా? మూడు వారాలు కడుపులో పెట్టుకుని కూర్చున్నారా? మీరు మనిషేనా?"

"చెబుదామనే అనుకున్నా."

"మంచి కబురు చెప్పడానికేం మాయరోగం? ఎవరో పోయారని చెప్తున్నట్టు చెప్తారేం?"

"మొట్టమొదట ఏ వాసన వచ్చిందో తెలుసా?"

"కాఫీ. కాఫీయేగా?"

"కాదు."

"సబ్బు? నా చేతి కూర?"

"నువ్వు. పొద్దున ఏడున్నరకి. నాకు చొక్కా అందిస్తున్నావు. ముందు నా ముక్కునే అనుమానించాను. కొత్తగా వచ్చింది, ఏది ఏదో తెలియట్లేదేమో అనుకున్నా. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే."

"అది… దగ్గు మందండీ. రాత్రి దగ్గొచ్చి…"

"నేను తయారుచేసిందే అది. నా చేతి సరుకు నాకు తెలియదా? చల్లారిపోతున్నాయి, చిప్స్ తిను."

"రోజూ కాదు."

"సరే."

"రోజూ కాదండీ. నిజంగా."

"సరేనన్నానుగా."

"తిట్టొచ్చుగా నన్ను. గ్లాసు లాక్కోవచ్చుగా."

"లాక్కుంటే ఏమవుతుంది?"

"ఏమో. ఏమీ అవదేమో."

"అదే నేనూ అనుకున్నా."

"అయితే ఒకటి చెప్పండి. ముక్కు తిరిగొచ్చాక నా నాలుకతో మీకేం పని? మూడు గురువారాల్నుంచీ ఫోన్ చేసి మరీ, రా, రా, ఆలస్యం చెయ్యకు అని ఎందుకు రప్పించారు నన్నిక్కడికి?"

"ఇక్కడైతే నా ఎదురుగా తాగుతావని."