హోం ప్లేటు దగ్గర గుమ్మడికాయ

స్టేషన్‌లో నాతో మాట్లాడిన అధికారిణి అమ్మగారికి నమస్కారం.

నా దస్తూరీ చూసి విసుక్కోవద్దని ముందే వేడుకుంటున్నాను. అక్షరాలు వంకర్లు పోతాయి. ఒత్తులు పడాల్సిన చోట పడవు. ఇంటర్‌ప్రెటర్ చాముండేశ్వరి గారు మీకు వచ్చినట్టే తెలుగులో రాయండి, ఇంగ్లీషులోకి నేను మారుస్తాను అన్నారు కనుక ధైర్యం చేశాను. మొన్న మీ ఎదుట కూర్చుని ఒక్క ముక్కా మాట్లాడలేదు. అది అమర్యాద కాదు. నాకు నలుగురిలో మాట రాదు.

నా పేరు పెనుమత్స సుబ్బరాజు. తండ్రి వెంకట్రామరాజు, కాలం చేశారు. నాకు డెబ్బై మూడేళ్లు. చదువు మా ఊరి బడిలో ఐదో తరగతి. పశ్చిమ గోదావరి జిల్లా, ఆకివీడు దగ్గర మాది. చేపల చెరువులు చేసేవాడిని. ఇప్పుడు పని లేదు. భార్య పోయాక ఈ దేశం వచ్చి సన్నీబ్యాంక్‌లో మా అమ్మాయి అమృత దగ్గర ఉంటున్నాను. ఇక్కడే ఉండిపోవడానికి పెట్టిన వీసా కాగితాలు ఇంకా తేలలేదు.

మా వీధి చివర బేస్‌బాల్ మైదానం ఉంది. మూడేళ్లుగా ఆదివారం ఆదివారం వెళ్తున్నాను. నన్నెవరూ తీసుకెళ్లలేదు. చప్పుడు విని నేనే వెళ్లాను. ఆట నేనే చూసి నేర్చుకున్నాను.

కొట్టేవాడు హోం ప్లేటు అనే తెల్ల రబ్బరు పలక పక్కన నిలబడతాడు. కొట్టిన బంతి ఎవరి చేతికీ చిక్కకుండా తాను పరుగెత్తి మొదటి బేస్ చేరితే దాన్ని హిట్ అంటారు. ఈ క్లబ్బులో ఒకాయన నలభై ఏళ్ల కిందట వరసగా ఇరవై తొమ్మిది ఆటల్లో ఒక్కటీ వదలకుండా హిట్ కొట్టాడట. ఆయన ఫోటో క్యాంటీన్ గోడకు ఉంది. మధ్యలో ఆడిన ఒక్క ఆటలో హిట్ తప్పినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అందుకని ఆ రికార్డు దగ్గరికి ఎవరూ రాలేదు. బ్రోడీ వచ్చాడు.

బ్రోడీ వారమంతా ఇళ్లలో పైపుల పని చేసుకునే కుర్రాడు. ఎర్రజుట్టు. కొట్టడానికి వెళ్లే ముందు ప్రతిసారీ కంచె దగ్గరికి వచ్చి, నా కుర్చీ పక్క గుంజకు బ్యాటుతో ఒకసారి టక్కుమని తాకించి వెళ్లేవాడు. ఎందుకో నాకు తెలియదు. ఒక ఆటలో నేను జ్వరంతో వెళ్లకపోతే స్కోరు రాసే మార్జ్ అనే పెద్దావిడ మర్నాడు మా ఇంటికొచ్చి అమృతతో, మీ నాన్నను ఆ కుర్చీలోంచి కదలనివ్వద్దు, ఆయన కూర్చుంటే కుర్రాడికి కలిసొస్తోంది, పైగా ఆయన నోరు మెదపడు అని చెప్పి వెళ్లింది. రికార్డు అంచున ఉన్నవాడి దగ్గర ఆ మాట ఎత్తకూడదని ఇక్కడి వాళ్ల పట్టింపు. పిల్లవాడు బొద్దుగా ఉన్నాడని పైకి అనకూడదని మేమూ అంటాం. అందువల్ల వాళ్ల పద్ధతి నాకు వింతగా లేదు.

నా జీవితంలో నేను మాట్లాడనందుకు నన్ను మెచ్చుకున్నది అక్కడే.

ఇరవై ఆటలు దాటాక సంగతి పేపర్లో పడింది. అప్పుడు రాజారావు గారు వచ్చారు. విశాఖపట్నం ఆయనది. వంతెనలు కట్టిన ఇంజనీరు, ఇక్కడ నలభై ఏళ్లుగా ఉన్నారు. మొదటి రోజే కుర్చీ తెచ్చి ఆ గుంజకే అవతలి పక్క వేసుకున్నారు. గ్లాసు పెట్టుకునే గుంట ఉన్న కుర్చీ అది.

"రాజు గారూ, మన తెలుగువాళ్లు ఇక్కడుంటారని అనుకోలేదండీ. లుక్, ఈ కుర్రాడు హిస్టరీ మేక్ చేస్తున్నాడు."

"పైకి అనకూడదండి."

"అదంతా సూపర్‌స్టిషన్!" అని నవ్వారు.

రెండో వారానికి బ్రోడీ ఆయన్ని పేరు పెట్టి పిలిచాడు. మూడేళ్లుగా నన్ను మేట్ అంటున్నాడు. అది నాకే పెట్టిన పేరనుకున్నాను. అందరినీ అదే అంటాడట. మూడో వారం నుంచి బ్యాటు తాకించిన చోటు రాజారావు గారి కుర్చీ దగ్గర. గుంజ అదే. నా వైపు కాదు, ఆయన వైపు. తేడా జానెడు. ఆ జానెడు నాకు ఇంటికొచ్చాక కూడా కనబడేది.

ఒక పూట మజ్జిగన్నం సగంలో లేచాను. అమృత చూసింది.

"నాన్నా, మీరు జెలస్ అవుతున్నారు."

"ఎవరి మీద?"

"రాజారావు అంకుల్ మీద."

"నాకేం ఖర్మ."

"పోనీ మీరూ నాలుగు మాటలు మాట్లాడచ్చు కదా. హలో అంటే ఏం పోతుంది?"

నేను కంచం తీసుకెళ్లి కడిగేశాను.

బ్రోడీ ఇరవై తొమ్మిదికి చేరాడు. ఇంకొక్క ఆటలో కొడితే రికార్డు అతనిది. ఆ వారం పేపర్లో ఫోటో, ఫోన్లలో ఫోటో, పెట్రోలు బంకులో కూడా అతని ఫోటో. ఇన్ని కళ్లు ఒక పిల్లాడి మీద పడితే మంచిది కాదు. మా పెరట్లో బూడిద గుమ్మడి పాదు నేనే వేశాను. పెద్ద కాయ ఒకటి కోసి, పైన చిన్న గాటు పెట్టి కుంకుమ పోసి, సంచిలో పెట్టుకున్నాను.

అమృత ఎదురొచ్చింది. "అదెక్కడికి నాన్నా? వడియాలకు దాచింది కదా!"

"వడియాలు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. పిల్లాడికి దిష్టి తీయాలి."

"అయ్యో, అక్కడ కర్పూరం గిర్పూరం వెలిగించకండి. ఫైర్ బ్యాన్ ఉంది."

వెలిగించలేదు. ఆ సంగతి గమనించండి.

ఇది గడచిన ఆదివారం సంగతి. ఆట ఒంటిగంటకు. నేను ముందే వెళ్లాను. గేటు బయట రోడ్డు వారన మూడు చుట్లు తిప్పి పగలగొట్టి, ముక్కలు ఏరి వచ్చేద్దామని నా ఉద్దేశం. బ్రోడీకి తెలియకపోయినా పరవాలేదనుకున్నాను. గేటు దగ్గరే రాజారావు గారు ఎదురయ్యారు. సంచిలోకి చూశారు.

"వావ్, గుమ్మడికాయ! రాజు గారూ, ఇది గేటు బయట దొంగతనంగా చేసే పనేంటండీ? వాళ్లకి ఎక్స్‌ప్లెయిన్ చేద్దాం. పేపరమ్మాయి కూడా వచ్చింది."

"వద్దండి. బయటే చాలండి."

ఆయన అప్పటికే లోపలికి కేకేశారు. బ్రోడీ నవ్వుకుంటూ ఒప్పుకుని హోం ప్లేటు దగ్గర నిలబడ్డాడు. చుట్టూ జనం చేరారు. పేపరమ్మాయి కెమెరా తీసింది. నేను కాయ తీసుకుని వెళ్లాను. రాజారావు గారు రెండు చేతులూ చాపారు.

"నాకివ్వండి."

"నేనే తిప్పుతానండి."

"మీకు ఇంగ్లీషు రాదు కదా రాజు గారూ!"

"గుమ్మడికాయకి ఇంగ్లీషెందుకండి?"

ఆయన కాయను పట్టుకున్నారు. నేను వదల్లేదు. ఆయన లాగారు. నేనూ లాగాను. జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కాయ ఇద్దరి చేతుల్లోంచీ జారి ప్లేటు మీద పడి పగిలింది. దిష్టి తిప్పడం కాలేదు. కుంకుమ నీళ్లు తెల్ల పలక మీద ఎర్రగా పారాయి. రాజారావు గారు వెనక్కి పడి మోచెయ్యి గీసుకున్నారు. నేను ఆయన్ని తోయలేదు. దూరం నుంచి చూసినవాళ్లెవరో ఇద్దరు ముసలాళ్లు కొట్టుకుంటున్నారు, రక్తం అని మీకు ఫోన్ చేశారు. అది కుంకుమ.

ఇక అసలు సంగతి. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మైదానం చూసుకునే ఆయన ముక్కలు ఎత్తి, మన్ను పోసి, పళ్ల పారతో సర్దాడు. నేను అక్కడే ఉన్నాను. బ్రోడీ వెనక కాలు ఊనే చోట తెల్లని ముక్క ఒకటి సగం మట్టిలోకి దిగి కనబడింది. మా వైపు గుమ్మడికాయలు కొట్టిన మర్నాడు రోడ్ల మీద మోటారు సైకిళ్లు జారిపడుతుంటాయి. అది తెలియనివాడు మా ఊళ్లో ఉండడు. నేను తీయడానికి వంగాను. అప్పుడు వెనక రాజారావు గారు పేపరమ్మాయితో మాట్లాడుతున్నారు. నాకు వచ్చిన ఇంగ్లీషు తక్కువ. మై ఐడియా అన్నది అర్థమైంది. మై పంప్‌కిన్ అన్నది అర్థమైంది. విత్తనాలు కొన్నది నేనే కనుక పంప్‌కిన్ నాకు తెలుసు.

నా ఒళ్లు మండింది. లేచి వెనక్కి తిరగకుండా వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. ముక్క అక్కడే ఉండిపోయింది.

ఆట మొదలైంది. బ్రోడీ వచ్చి గుంజకు బ్యాటు తాకించాడు. ఆయన వైపే. నేను మైదానం వైపు చూడకుండా నా చెప్పుల వైపు చూశాను. మొదటి బంతికే బ్రోడీ బలంగా ఊపాడు. వెనక కాలు జారింది. బంతి తగల్లేదు. అతను పడి లేవలేదు. చీలమండ దగ్గర ఎముక విరిగింది. అంబులెన్సు వచ్చి తీసుకెళ్లింది. మార్జ్, వంతు పూర్తి కాకుండా వెళ్లాడు కనుక ఈ ఆట అతని లెక్కలోకి రాదు, వరస తెగలేదు, కాలు బాగయ్యాక మళ్లీ ఇక్కడి నుంచే కొట్టవచ్చు అని అందరికీ చెప్పింది. చెబుతూ ఏడ్చింది.

తర్వాత మీరు వచ్చారు. క్లబ్బువాళ్లు మా ఇద్దరినీ లోపలికి రావద్దన్నారు. మీ విచారణలో తప్పు ఎవరిదని తేలితే వాళ్లను ఎప్పటికీ రానివ్వరట, రెండోవాళ్లు రావచ్చట.

మంగళవారం చాముండేశ్వరి గారు నాకు రాజారావు గారి వాంగ్మూలం సంగతి చెప్పారు. కాయ తానే తెచ్చానని, తానే పగలగొట్టానని, సుబ్బరాజు గారు ఊరికే పక్కన నిలబడ్డారని ఆయన రాశారట.

అమృతకు ప్రాణం లేచొచ్చింది. "మీ వీసా పెండింగ్‌లో ఉందనే అంకుల్ అలా చెప్పారు నాన్నా. ఆయన సిటిజెన్, ఆయనకేం కాదు. మీరు ఎప్పట్లాగే సైలెంట్‌గా ఉండండి, చాలు."

నేను ఆలోచించాను. నేను ఊరుకుంటే ఆయన్ని రానివ్వరు. ఆ కుర్చీ ఉండదు. బ్రోడీ తిరిగి వస్తే కంచె దగ్గర నేనొక్కడినే. నాకు సంతోషం వేసింది. అది కూడా రాస్తున్నాను.

మర్నాడు రాజారావు గారింటికి వెళ్లాను. ఆయన మోచేతికి కట్టుతో తలుపు తీశారు.

"ఎందుకలా రాశారండి? అది నా కాయ."

"మీ కాయే రాజు గారూ, ఎవరు కాదన్నారు? ఈ ఒక్క విషయం నాకొదిలెయ్యండి. బ్రోడీ కూడా ఓకే అన్నాడు. హాస్పిటల్ నుంచి ఫోన్ చేశాడు పాపం. నో వరీస్, మంచి మనసుతో చేశావు అన్నాడు."

"మీకు ఫోన్ చేశాడా?"

"నాకే."

"అంటే బ్రోడీ దగ్గర మీరే, పేపర్లో మీరే, పోలీసుల దగ్గర కూడా మీరేనా? నాకేం మిగిల్చారండి?"

నేను ఏనాడూ అంత మాట ఎవరినీ అనలేదు. ఆయన దగ్గొచ్చేదాకా నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "ఈ ఇంట్లో నేనొక్కడినే రాజు గారూ. అక్కడైతే పక్కన ఓ తెలుగు మాట వినబడుతుందని వచ్చాను. మీరేమో ఇన్ని వారాలూ నోరే విప్పలేదు. ఇవాళ విప్పారు, తిట్టడానికి!" అన్నారు. కాఫీ ఇచ్చారు. కాఫీ బాగుంది. అది కూడా నాకు నచ్చలేదు.

ఆ ముక్క సంగతి ఆయనకు అక్కడే చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టారు. "అయితే మీరు రాయాల్సిందే" అన్నారు.

అందుకని రాస్తున్నాను. కాయ నాది. జారింది ఇద్దరి చేతుల్లోంచి. కాలి కింద ముక్కను చూసినవాడిని నేనొక్కడినే, రాజారావు గారు చూడలేదు. చూసి తీయకపోవడానికి కారణం ఆయన మీద ఉన్న అసూయ. ఆ పిల్లాడి మీద నాకు ఏనాడూ లేదు. మైదానానికి రాకుండా ఆపితే నన్ను ఆపండి. ఆయన వెళ్లి కూర్చుంటారు. తలచుకుంటేనే కడుపు మండుతోంది, అయినా ఉన్నమాట అదే.

ఇందులో ఉన్నది నేను చేసింది, చూసింది, మనసులో అనుకున్నది. ఎవరూ చెప్పి రాయించలేదు, అమృత అయితే వద్దని ఏడ్చింది. సంతకం వంకరగా వచ్చింది కనుక పక్కన ఎడమ బొటనవేలి ముద్ర కూడా వేశాను.

(సంతకం) పెనుమత్స సుబ్బరాజు

(ఎడమ బొటనవేలి ముద్ర)

అమ్మా, ఒక్క మనవి. చాముండేశ్వరి గారు ఇంగ్లీషు చేశాక ఈ కాగితం బ్రోడీకి చదివి వినిపించండి. రాజారావు గారిని క్షమించాడు కదా. అది ఆయనది కాదు, నాకు రావలసింది. క్షమించకపోయినా సరే, కోప్పడితే నా పేరు పెట్టి కోప్పడమనండి. అతను ఏమన్నాడో నాకు రెండు ముక్కలు రాయించండి. తొందరగా రాయించండి.