దేవప్పకు చోటు

పొద్దున చనిపోయిన తండ్రి దేవప్ప కోసం మల్లిక ఇంకా కడుపునిండా ఏడ్వలేదు. బంట్వారం శివారులో ఆయన్ని పూడ్చడానికి గుంత తవ్వబోతుంటే ఊరిపెద్ద వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"మీ తాత కర్ణాటకకెల్లి గొర్లు తోలుకొచ్చిండు. మీ నాయినను గాడికే తీస్కపో బిడ్డా."

"గాడ మాకెవరున్నరు పెద్దయ్యా? కరువుల మంద సస్తుంటే మా తాత గా ఊరు ఇడిసిండు. మా నాయిన ఈడనే పుట్టిండు."

"ఎన్నేండ్లున్నా బయటోళ్లు బయటోళ్లే."

"ఎరువు కోసం మీ చేన్లల్ల మా మందను పండవెట్టిచ్చుకున్నప్పుడు గీ మాట యాదికి రాలేదా?"

"గది వేరే ముచ్చట."

"మా తాత బతుకుదామని ఈడికొచ్చిండు. గందుకే నేను గీ ఊరిదాన్నైన. ఎవ్వలు పొమ్మన్నా పోను."

మల్లిక గడ్డపార ఎత్తింది.

"జర జరుగు పెద్దయ్యా, మట్టి నీ కాళ్ల మీద పడ్తది."

పెద్దాయన జరిగాడు.